వాయిదాకు నెల లెక్క, గేదెకు ఈత లెక్క

పది గేదెలు. ఒక్కోటి పూటకు 6 లీటర్లు, రెండు పూటలకు 12. మొత్తం రోజుకు 120 లీటర్లు. లోను తీసుకుని పాడి పెడదామనుకునే వాళ్లలో చాలామంది ప్రణాళిక ఈ గుణకారంతోనే మొదలవుతుంది, చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. 120ని పాల ధరతో గుణించి, దాన్ని మళ్లీ 30తో గుణించి, దాణా ఖర్చు తీసేసి, మిగిలిన అంకె చూసుకుని బ్యాంకు మెట్లెక్కుతారు. గుణకారంలో తప్పు లేదు. 12 లీటర్లన్నదీ అబద్ధం కాదు, కొన్న రోజున ఆ గేదె అన్ని పాలు ఇచ్చే ఉంటుంది. ఆ ఒక్క రోజును ఏడాది పొడవునా సాగదీయడమే తప్పు.

ఈనిన తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలకు పాలు గరిష్ఠ స్థాయికి చేరతాయి. కొన్నాళ్లు అక్కడే నిలబడి, తర్వాత నెలనెలా తగ్గుతూ పోతాయి. సుమారు 305 రోజులకు పశువు వట్టిపోతుంది. గరిష్ఠంగా ఇచ్చే రోజు పాలను 200తో గుణిస్తే ఆ ఈత మొత్తం పాలు దాదాపుగా వస్తాయని పశువైద్యులు ఒక మోటు లెక్క చెబుతారు. అంటే 12 లీటర్ల గేదె ఒక ఈతలో ఇచ్చేది సుమారు 2,400 లీటర్లు. మళ్లీ ఈనేదాకా గడిచే కాలం మీద ఈ పాలను పరచాలి. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. ఈనాక 115 రోజులకు చూడి కట్టిందనుకుంటే, ఈతకూ ఈతకూ మధ్య 425 రోజులు, అంటే 14 నెలలు. పది గేదెలకు కలిపి 24,000 లీటర్లను 425 రోజులకు పంచితే రోజుకు వచ్చేది 56 లీటర్లు. కాగితం మీద రాసుకున్న 120లో సగం కూడా కాదు. దూడలు తాగేది ఇందులోంచి ఇంకా తీయలేదు.

పశుపోషణ లోన్లు దెబ్బతినడానికి రోగాలు, ధరలు, దళారులు అంటూ చాలా కారణాలు చెబుతారు. అవన్నీ ఉన్నవే. కానీ వాటన్నిటికంటే ముందున్న కారణం ఈ 120కీ 56కీ మధ్య తేడాయే. బ్యాంకు వాయిదా నెల లెక్కన నడుస్తుంది, పశువు ఈత లెక్కన నడుస్తుంది. ఈ రెండు క్యాలెండర్లనూ పక్కపక్కన పెట్టి చూసుకోకుండా తీసుకున్న అప్పు, లాభం ఉన్న వ్యాపారాన్ని కూడా మధ్యలో ముంచేస్తుంది.

తెలుగులో సొమ్ము అంటే డబ్బు, సొమ్ము అంటే పశువు కూడా. రెండింటికీ ఒకే మాట ఉన్నంత మాత్రాన రెండూ ఒకేలా నడవవు. డబ్బుకు ప్రతి రోజూ వడ్డీ పుడుతుంది, పశువుకు మాత్రం దూడ పుట్టే రోజొకటి ఉంటుంది.

అప్పును లీటర్లలో కొలిస్తే

ధరలు ఊరూరికీ, నెలనెలకూ మారతాయి కాబట్టి డబ్బులో వేసిన లెక్క త్వరగా పాతబడుతుంది. లెక్క మొత్తం పాల లీటర్లలో వేసుకోవడం మంచి అలవాటు. రోజుకు వచ్చే 56 లీటర్లలో ఎన్ని లీటర్లు ఎవరికి పోతున్నాయో చూడాలి.

పాడిలో మేత, దాణా ఖర్చే మొత్తం ఖర్చులో 60 నుంచి 70 శాతం దాకా, ఒక్కోసారి అంతకు మించీ ఉంటుంది. వట్టిపోయిన గేదె పాలివ్వదు గానీ మేత మానదు. పైగా కడుపులో దూడ పెరిగే ఆఖరి రెండు నెలల్లో దానికి దాణా తగ్గించకూడదు. పదింటిలో ఏ రోజు చూసినా సగటున ఏడు పాలిస్తుంటాయి, మూడు వట్టిగా ఉంటాయి, పదీ తింటుంటాయి. ఒక ఉదాహరణగా 34 లీటర్ల విలువ మేతకు, దాణాకు పోయిందనుకుందాం. కూలి, కరెంటు, మందులు, బీమా, రవాణా కలిపి ఇంకో 9 లీటర్లు. మిగిలింది 13. బ్యాంకు వాయిదా అయినా, ఇంటి ఖర్చయినా, చెడ్డ రోజుకు దాపుడైనా ఈ 13 లీటర్లలోంచే రావాలి.

బ్యాంకరు ఇక్కడే ఒక నిష్పత్తి చూస్తాడు. ఏడాదిలో కట్టాల్సిన అసలు, వడ్డీ మొత్తానికి చేతికి మిగిలే ఆదాయం ఎన్ని రెట్లు ఉందన్నది ఆ నిష్పత్తి. ఒకటికి ఒకటి ఉంటే బొటాబొటి. సాధారణంగా ఒకటిన్నర రెట్లు ఉంటే సౌకర్యంగా భావిస్తారు. 13ని ఒకటిన్నరతో భాగిస్తే 8.7. అంటే రోజుకు 8.7 లీటర్లు, నెలకు 260 లీటర్ల విలువకు మించిన వాయిదా ఈ పది గేదెలు మోయలేవు. ఎంత అప్పు తీసుకోవాలన్న ప్రశ్నకు జవాబు ఈ చివరి నుంచి రావాలి. చాలా ప్రాజెక్టుల్లో ఇది తలకిందులుగా జరుగుతుంది. ముందు షెడ్డు ఎంత, గేదెలు ఎంత అని కూడి అప్పు మొత్తాన్ని ఖాయం చేస్తారు. దానికి సరిపడా పాలు వచ్చేలా రిపోర్టులో లీటర్లు పెంచుతారు. గేదె ఆ రిపోర్టు చదవదు.

ఒకటిన్నర రెట్లంటే బోలెడంత జాగా ఉన్నట్టనిపిస్తుంది. కొంచెం కదిపి చూస్తే తెలుస్తుంది. పాల ధర 10 శాతం పడితే 56 లీటర్ల ఆదాయం 50.4కు దిగుతుంది. ఖర్చు 43 అలాగే ఉంటుంది. మిగిలేది 7.4. ధర పడింది పదో వంతే, మిగులు మాత్రం నలభై శాతానికి పైగా ఎగిరిపోయింది. వాయిదాకు 8.7 కావాలి, అప్పుడే చాలడం లేదు. ధర అలాగే ఉండి మేత, దాణా ఖర్చు 15 శాతం పెరిగితే మిగిలేది 7.9. అదీ చాలదు. రెండూ ఒకేసారి వస్తే మిగిలేది 2.3 లీటర్లు. రెండూ ఒకేసారి రావడం అరుదేమీ కాదు. కాబట్టి ఒకటిన్నర రెట్లుందని రిపోర్టు చూపించినా, మూడు నెలల వాయిదాలకు సరిపడా డబ్బు విడిగా పక్కన పెట్టుకోని ప్రాజెక్టును భద్రమైనదని చెప్పలేం. పేడ, దూడల అమ్మకం మీద వచ్చేది ఈ లెక్కలో వేయలేదు. వేయకుండా ఉంచడమే మేలు, ఆ డబ్బే దాపుడుగా మిగులుతుంది.

ఒక్క ఎద తప్పితే

ఈత లెక్కలో అన్నిటికంటే సున్నితమైన చోటు ఎద, అంటే పశువు చూడి కట్టడానికి సిద్ధమయ్యే సమయం. గేదె సుమారు 21 రోజులకోసారి ఎదకు వస్తుంది. ఆవులా అరిచి గోల చేయదు. గేదెల్లో మూగ ఎద ఎక్కువ, ఎద లక్షణాలు చాలాసార్లు రాత్రిపూటో తెల్లవారుజామునో కనిపించి పోతాయి. తోక కింద జారే జిగట తీగను పొద్దున్నే చూసే మనిషి ఉండాలి. మేత తగ్గించిందా, పాలు చేపడం మారిందా, మాటిమాటికీ మూత్రం పోస్తోందా అన్నది గమనించాలి. పాలు పితికి, క్యాన్లు బండికెక్కించే హడావుడిలో దాన్ని ఎవరూ చూడకపోతే పోయింది ఆ ఒక్క రోజు కాదు, మళ్లీ 21 రోజులు.

దాన్ని కూడా లీటర్లలో చూడవచ్చు. మందలో ప్రతి గేదెకూ ఒక్క ఎద తప్పిందనుకుంటే ఈతల మధ్య కాలం 425 నుంచి 446 రోజులవుతుంది. మిగతావన్నీ అలాగే ఉంటే రోజు సగటు 56.5 నుంచి 53.8కి దిగుతుంది. రెండున్నర లీటర్ల తేడాను ఎవరూ పట్టించుకోరు. కానీ మిగిలేదే 13 అయినప్పుడు, అందులో ఐదో వంతు ఎవరూ చూడని ఆ ఒక్క తెల్లవారుజామున పోయింది. పాల ధర మీద, దాణా ధర మీద రైతుకు పట్టు లేదు. ఎద మీద ఉంది. లోను మీద నడిచే పాడిలో అన్నిటికంటే విలువైన వస్తువు గోడకు తగిలించిన ఒక రికార్డు పలక అనొచ్చు. ఏ గేదె ఎప్పుడు ఈనింది, ఎప్పుడు ఎదసూది (చూడి కట్టించే సూది) వేయించారు, చూడి పరీక్ష తేదీ ఎప్పుడు అన్నవి రాసి ఉన్న పలక. దానికి అప్పు అక్కర్లేదు.

అన్నీ ఒకేసారి కొంటే

పది గేదెలనూ ఒకే వారంలో, అన్నీ అప్పుడే ఈనినవి చూసి కొంటే మొదటి మూడు నెలలు పండగే. క్యాన్లు నిండుతాయి, వాయిదా టంచనుగా పోతుంది, చుట్టుపక్కల వాళ్లు వచ్చి చూసి వెళ్తారు. ఆరో నెలకు పాలు జారడం మొదలవుతుంది. పదకొండో నెల వచ్చేసరికి పదీ దాదాపు ఒకేసారి వట్టిపోతాయి. ఆ తర్వాత నాలుగు నెలలు పాలుండవు, మేత ఖర్చు ఉంటుంది, వాయిదా ఉంటుంది. ఏడాది సగటు బాగానే ఉన్నా ఈ నాలుగు నెలల్లోనే మెడలో గొలుసు తాకట్టుకు పోతుంది, లేదా చూడి గేదె అంగడికి పోతుంది. చూడి గేదెను అమ్మి వాయిదా కట్టడమంటే విత్తనాలు తిని ఆకలి తీర్చుకోవడం లాంటిదే.

అందుకే రెండు విడతల్లో కొనమంటారు. మొదట ఐదు, వాటి పాలు జారే సమయానికి, అంటే ఆరేడు నెలలకు, ఇంకో ఐదు. చాలా బ్యాంకులు డబ్బును కూడా విడతలుగానే విడుదల చేస్తాయి. ఇందులో ఒక చిక్కుంది, దాన్ని సంతకం చేసేముందే అడిగి తెలుసుకోవాలి. వాయిదాల విరామం, అంటే మొదట్లో వాయిదా కట్టనక్కర్లేని నెలలు, ఏ తేదీ నుంచి లెక్క? మొదటి విడత విడుదలైన రోజు నుంచా, చివరి విడత నుంచా? మొదటి విడత షెడ్డు కోసం తీసుకుని, షెడ్డు కట్టడం నాలుగు నెలలు సాగితే, ఆరు నెలల విరామంలో గేదె గడప తొక్కేసరికి మిగిలేవి రెండు నెలలే.

విరామం ఉచితమూ కాదు. ఆ నెలల్లో అసలు కట్టకపోయినా వడ్డీ పుడుతూనే ఉంటుంది. లక్ష అప్పు, ఏడాదికి 12 శాతం వడ్డీ, 60 నెలల గడువు అనుకుంటే నెల వాయిదా సుమారు 2,224. ఆరు నెలలు ఏమీ కట్టకుండా, ఆ వడ్డీని అసలులో కలిపేసి, మిగిలిన 54 నెలల్లో కట్టమంటే వాయిదా సుమారు 2,554 అవుతుంది. పదిహేను శాతం ఎక్కువ. విరామం వద్దని కాదు, పాడిలో అది లేకుండా కుదరదు కూడా. వీలైతే ఆ నెలల్లో వడ్డీ మాత్రమైనా కట్టుకుంటూ పోవడం, గడువును ఆ ఆరు నెలల మేరకు పొడిగించమని అడగడం మంచిది.

వడ్డీ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఫ్లాట్ వడ్డీ 10 శాతమే అని ఎవరైనా చెబితే తగ్గే అసలు మీద లెక్కించే 12 శాతం కంటే అదే చవక అనిపిస్తుంది. ఐదేళ్లకు లక్ష మీద ఫ్లాట్‌గా 10 శాతం అంటే వడ్డీ 50,000, నెలకు 2,500. తగ్గే అసలు లెక్కలో అది 17 శాతం పైమాటే. అప్పులో సగం తీర్చేశాక కూడా మొత్తం అప్పు మీద వడ్డీ కడుతున్నట్టు.

ఏ పశువుకు ఏ అప్పు

పాడికి చెప్పిన విరామం మేకలకు చాలదు. మేక చూడి కాలం సుమారు 150 రోజులు. చూడి లేని మేకలను కొంటే అవి ఇంటికి అలవాటు పడి, పోతుతో కలిసి, ఐదు నెలలకు ఈని, పిల్లలు అమ్మే బరువుకు రావడానికి ఇంకో ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. మొదటి రాబడి చేతికి రావడానికి ఏడాది దాటుతుంది. ఆ తర్వాత కూడా డబ్బు నెలనెలా రాదు, మందగా అమ్మినప్పుడు ఒక్కసారి వస్తుంది. మేకలకు నెలవారీ వాయిదా పెట్టడం బ్యాంకుకు సులువు, రైతుకు గుదిబండ. ఆరు నెలలకో, ఏడాదికో కట్టే వాయిదా అడగాలి. పంట రుణాలకు కోతల తర్వాత కట్టే పద్ధతి ఎప్పటినుంచో ఉంది కాబట్టి ఇది బ్యాంకులకు కొత్త మాటేమీ కాదు. అడిగేవాళ్లు తక్కువ, అంతే.

బ్రాయిలర్ కోళ్లది ఇంకో పోకడ. ఆరు వారాల్లో బ్యాచ్ అయిపోతుంది, షెడ్డు కడిగి, సున్నం వేసి, ఎండబెట్టడానికి రెండు వారాలు పోతే ఏడాదికి ఆరు బ్యాచ్‌లు. డబ్బు త్వరగా తిరుగుతుంది. కానీ ప్రతి బ్యాచ్‌కీ పిల్లలూ దాణా కొనడానికి ముందే పెట్టుబడి కావాలి, కాబట్టి అక్కడ షెడ్డు కోసం తీసుకుని ఏళ్ల తరబడి తీర్చే టర్మ్ లోన్ కంటే, బ్యాచ్ బ్యాచ్‌కూ తీసి కట్టి తిప్పుకునే వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ ముఖ్యం. ఒక బ్యాచ్‌లో నష్టం వస్తే తర్వాతి బ్యాచ్‌కు దాణా కొనే డబ్బే ఉండదు. కొత్త షెడ్లు ఖాళీగా పడి ఉండటం వెనక చాలాసార్లు ఉండే కథ ఇదే. గుడ్ల కోళ్లయితే 18 నుంచి 20 వారాల వయసు దాకా తినడమే తప్ప పెట్టడం ఉండదు. పందుల చూడి కాలం 114 రోజులు, ఒక్క ఈతకు పిల్లలు ఎక్కువ, పెరగడం వేగం, దాంతోపాటు దాణా బిల్లు పెరగడమూ వేగమే.

పడ్డలను, అంటే ఇంకా ఈనని ఆడ గేదె దూడలను, కొని పెంచుతామంటూ అప్పు తీసుకోవడం మాత్రం జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయం. పడ్డ చవకగా వస్తుంది, నిజమే. కానీ గేదె దూడ పుట్టాక మొదటిసారి ఈనడానికి మూడు నుంచి నాలుగేళ్లు పడుతుంది. వడ్డీ మీద అంత కాలం మేపడం అరుదుగా గిట్టుబాటవుతుంది. పడ్డలను సొంత డబ్బుతో, సొంత మేతతో పెంచాలి. అప్పును పాలిచ్చే పశువు మీద పెట్టాలి.

షెడ్డు పాలివ్వదు

లోను వచ్చాక ముందు ఖర్చయ్యేది షెడ్డు మీద, ఎక్కువ ఖర్చయ్యేదీ షెడ్డు మీదే. సిమెంటు స్తంభాలు, రేకులు, టైల్స్ వేసిన తొట్లు, గేటు మీద బోర్డు. గేదెకు కావాల్సింది ఎండా వానా తగలని నీడ, జారని నేల, గాలి ఆడే ఎత్తు, ఎప్పుడూ నీళ్లుండే తొట్టి, మూత్రం నిలవకుండా పోయే వాలు. అంతకు మించినది యజమాని కోసం కట్టుకున్నదే. గేదెను రేపు అంగడికి తోలుకెళ్లి అమ్మవచ్చు. షెడ్డును అమ్మలేం, విప్పితే రేకుల ధర వస్తుంది. అప్పులో షెడ్డు వాటా పెరిగేకొద్దీ, సంపాదించని ఆస్తి మీద వడ్డీ పెరుగుతుంది. నిజానికి షెడ్డు మీద పెట్టే డబ్బులో కొంత మేత మీద పెడితే అదే తిరిగి వస్తుంది.

మేత విషయంలో వరస తప్పడం ఇంకా ఖరీదైనది. 400 కిలోల పశువుకు ఎండు పదార్థం (మేతలో నీళ్లు పోగా మిగిలేది) లెక్కన రోజుకు 12 కిలోల దాకా కావాలి. పచ్చిమేత రూపంలో 25 నుంచి 30 కిలోలు, పైన ఎండుమేత, దాణా. పచ్చిమేతలో నీళ్లే ఎక్కువ కాబట్టి బరువు చూసి మోసపోకూడదు. నేపియర్ లాంటి గడ్డి నాటితే మొదటి కోతకు రెండు, రెండున్నర నెలలు పడుతుంది. అంటే గడ్డి నాటాక రెండు నెలలకు గేదె రావాలి. గేదె వచ్చాక గడ్డి నాటితే ఆ రెండు నెలలూ కొన్న మేతే గతి, అదీ గేదె ఎక్కువ పాలిచ్చే నెలల్లోనే. ఆ నెలల్లో మేత తగ్గితే గరిష్ఠ పాలు పడిపోతాయి. గరిష్ఠంలో ఒక్క లీటరు పోతే ఈత మొత్తం మీద 200 లీటర్లు పోయినట్టేనని పైన చూసిన లెక్కే చెబుతుంది.

కొనే రోజు

ప్రాజెక్టు రిపోర్టులో ఉన్న అంకెలన్నీ నిజమో కాదో తేలేది అంగడిలో. అమ్మేవాడు ముందురోజు పూట పితక్కుండా వదిలేసి, పొదుగు బిగువుగా చూపించడం పాత ఎత్తే. వేరే గేదె చిన్న దూడను పక్కన కట్టి ఇప్పుడే ఈనిందని చెప్పడం ఇంకొకటి. వరసగా మూడు పూటలు దగ్గరుండి పితికించుకుని, మొదటి పూట పాలను లెక్కలోంచి తీసేసి, మిగతా రెండు పూటలవే నమ్మాలి. పొదుగు పితికాక ముడుచుకోవాలి, పితికినా గట్టిగా ఉంటే పొదుగువాపు అనుమానం. పళ్లు చూసి వయసు, కొమ్ము వలయాలు చూసి ఈతలు అంచనా వేయవచ్చు. రెండో ఈతదో మూడో ఈతదో అయితే అప్పు గడువంతా అది పాలిచ్చే వయసులోనే ఉంటుంది. ఏడో ఈత గేదెను ఐదేళ్ల అప్పు మీద కొంటే అప్పు మిగులుతుంది, గేదె మిగలదు. చూడి పోగొట్టే అంటురోగం బ్రూసెల్లాకు పరీక్ష చేయించకుండా మందలోకి తేవడమంటే ఒక్క గేదెతో అన్నిటి చూళ్లూ పోగొట్టుకునే ప్రమాదాన్ని ఇంట్లోకి తోలుకు రావడమే. తెచ్చాక కూడా మూడు, నాలుగు వారాలు విడిగా కట్టేయాలి. ప్రయాణం, కొత్త మనిషి, కొత్త మేత వల్ల మొదటి వారం పది రోజులు పాలు తగ్గడం మామూలే, ఆ టెన్షన్‌లో దాణా ఒక్కసారిగా పెంచేస్తే కడుపు చెడుతుంది.

కొనే కమిటీలో బ్యాంకు మనిషి, పశువైద్యుడు ఉండాలన్న నియమం చాలా పథకాల్లో ఉంటుంది. అది బ్యాంకు రక్షణ కోసం పెట్టినదే అయినా, వాళ్లు వచ్చిన రోజున తొందరపడకుండా వాడుకుంటే రైతుకు ఉచితంగా దొరికే రెండో అభిప్రాయం అది.

బల్లకు అవతలి వైపు

బ్యాంకరు వైపు నుంచి చూస్తే పశువు ఇబ్బందికరమైన తాకట్టు. అది నడుస్తుంది, జబ్బు చేస్తుంది, చస్తుంది, పక్క గేదెలాగే ఉంటుంది. అందుకే చెవి పోగు (పశువును గుర్తుపట్టే నంబరు బిళ్ల), బీమా, రైతు సొంత వాటా, వీలైతే భూమి తాకట్టు అడుగుతారు. సొంత వాటా అడగడం వెనక డబ్బు ఆదా ఒక్కటే లేదు. సొంత డబ్బు పోయినవాడు రాత్రి లేచి గేదెను చూస్తాడన్న నమ్మకం కూడా ఉంది.

ఈ చిక్కు కొత్తది కాదు. జర్మనీలోని ఫ్లామర్స్‌ఫెల్డ్‌లో మేయరుగా ఉన్న ఫ్రీడ్‌రిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్ 1849లో పేద రైతుల కోసం ఒక సహాయ సంఘం పెట్టాడు. పశువుల వ్యాపారులు అరువు మీద ఆవులిచ్చి, వడ్డీ మీద వడ్డీ వేసి, చివరికి ఆవునూ పొలాన్నీ లాక్కుంటున్న కాలం అది. ఊళ్లో ఉన్నవాళ్ల పూచీ మీద డబ్బు తెచ్చి, ఆ సంఘం పశువులను కొని రైతులకు వాయిదాల మీద ఇచ్చింది. తర్వాత ప్రపంచమంతా పాకిన సహకార పరపతి సంఘాల మూలాల్లో ఒకటి ఈ ఆవుల అప్పే. పశువు మీద అప్పు కంటే, పశువును చూసుకునే మనిషిని ఎరిగిన వాళ్లు ఇచ్చే అప్పు భద్రమని అప్పుడే తేలింది. ఇప్పటికీ బ్యాంకరు రిపోర్టు కంటే ముందు అడిగేది అదే. ఇంతకుముందు పశువులు మేపారా? పాలు ఎవరు పోయించుకుంటారు? పది గేదెలకు ముందు రెండు గేదెలను ఏడాది పాటు నడిపి, పాల డబ్బు ఖాతాలో పడేలా చూసుకున్న వాడికి ఈ రెండు ప్రశ్నలకూ జవాబు పాస్‌బుక్కులోనే ఉంటుంది. ఎంత మంచి ప్రింటింగు చేయించిన రిపోర్టూ దానికి సాటి రాదు. అసలు ఆ రిపోర్టుల్లో చాలా భాగం ఒకే నమూనాకు పేరు మార్చి రాసినవేనన్నది బ్యాంకులో అందరికీ తెలుసు. మన లెక్క మనమే వేసుకుని, వట్టి రోజులు ఎన్ని వేశారని అడిగితే తడుముకోకుండా చెప్పేవాడు సగం గట్టెక్కినట్టే.

డెయిరీ పాల బిల్లులోంచే వాయిదా కోసుకుని బ్యాంకుకు కట్టే ఒప్పందం ఉంటే బ్యాంకు త్వరగా ఒప్పుకుంటుంది. రైతుకు క్రమశిక్షణ తప్పదు. కానీ కోత మొదట పడుతుంది, దాణాకు డబ్బు తర్వాత మిగులుతుంది. పాలు తగ్గిన నెలల్లో దాణా తగ్గించాల్సి వస్తే అది మరుసటి నెల పాలను మింగుతుంది. నెలకు ఇంత అని స్థిరంగా కాకుండా, పోసిన ప్రతి లీటరు మీద ఇంత అని కోత పెట్టించుకోగలిగితే వాయిదా కూడా ఈతతో పాటే నడుస్తుంది.

బీమా గురించి ఒక అపోహ ఉంది. పశువు బీమా మామూలుగా చావుకు వర్తిస్తుంది. గాలికుంటు వచ్చి బతికి బయటపడి, పాలు సగానికి పడిపోయిన గేదెకు ఏమీ రాదు. పొదుగువాపుతో ఒక చన్ను ఎండిపోతే ఏమీ రాదు. కొన్ని పాలసీల్లో శాశ్వత వైకల్యానికి విడిగా కవరు ఉంటుంది, దానికి అదనపు ప్రీమియం. చెవి పోగు ఊడిపోయి, కొత్తది వేయించి తెలియజేయకపోతే చచ్చిన గేదెకు కూడా డబ్బు రావడం కష్టం. కాబట్టి బీమా ఉందని టీకాలు వాయిదా వేయడం కుదరదు. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు టీకాల తేదీలు కూడా ఆ గోడ పలక మీదే ఉండాలి. సబ్సిడీ మాట కూడా అంతే. వస్తే మంచిదే, అది లేకుండా నిలబడని లెక్క అది వచ్చాకా నిలబడదు, ఎందుకంటే అది ఒక్కసారే వస్తుంది, మేత రోజూ కావాలి.

వాయిదా తప్పే నెల ఎప్పుడు వస్తుందో పాడి రైతుకు మూడు నెలల ముందే తెలుస్తుంది, ఏ గేదె ఎప్పుడు వట్టిపోతుందో పలక మీద ఉంటుంది కాబట్టి. చాలా దేశాల్లో 90 రోజులు దాటిన బకాయిని మొండి బకాయిగా లెక్కిస్తారు. ఆ గడువు దాటాక బ్యాంకరు చేతిలో కూడా పెద్దగా ఏమీ ఉండదు. దాటకముందే వెళ్లి, గేదెలు చూడితో ఉన్నాయి, ఫలానా నెలలో ఈనుతాయి, అప్పటిదాకా వాయిదా తగ్గించి తర్వాత పెంచండని చూడి పరీక్ష కాగితంతో సహా అడిగేవాడికి మాట్లాడే వీలుంటుంది. ఫోను ఎత్తకుండా తిరిగేవాడికి ఉండదు.

ఇక అప్పు తీరే రోజు. మూడో ఈతలో కొన్న గేదె ఐదేళ్ల తర్వాత ఏడో ఈతలో ఉంటుంది. పాలు తగ్గుతాయి, ధర పడిపోతుంది. మధ్యలో ఒకటి రెండు చచ్చి, ఒకటి రెండు గొడ్డుపోయి ఉంటాయి. ఆ ఐదేళ్లలో పుట్టిన పెయ్యదూడలన్నిటినీ దాణా ఖర్చుకు అమ్మేసుకుంటే అప్పు తీరిన రోజున చేతిలో ఖాళీ షెడ్డు, ముసలి మంద మిగులుతాయి, మళ్లీ కొత్త అప్పుతో మొదలవుతుంది. మొదటి ఏడాది పుట్టిన దూడల్లో మంచి తల్లివి రెండింటిని ఉంచుకుని, మొదటి మూడు నెలలు పాలు కక్కుర్తి పడకుండా తాగించి పెంచితే, అవి ఈనేది నాలుగో ఏడాది చివరో ఐదో ఏడాదిలోనో. ఆఖరి వాయిదాలు వాటి పాలతోనే కట్టవచ్చు.